అటక మీది ఆటకు కంప్యూటరే దుబాసీ

ఉగాదికి ఇల్లు దులుపుతుంటే అటక మీద ట్రంకు పెట్టె వెనకాల ఓ అట్టపెట్టె దొరికింది. లోపల బూడిదరంగు డబ్బా, వైర్లు చుట్టుకుపోయిన రెండు కంట్రోలర్లు, పసుపురంగు క్యాసెట్లు మూడు. అదేనండీ... టీవీ గేమ్! 1990లలో బడికి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళలో ఈ డబ్బా పేరెత్తితే చాలు, ఇప్పుడు నెత్తిన వెంట్రుకలు నెరిసిన వాళ్ళ కళ్ళు కూడా మెరుస్తాయి. కాంట్రా, మారియో, ట్యాంకుల ఆట, బాతుల వేట... ఎండాకాలం సెలవులన్నీ దీని ముందే గడిచిపోయేవి.

మా నాన్న 1996లో ఏదో పని మీద మద్రాసు వెళ్ళి, బర్మా బజారులో బేరమాడి హోసూరుకు తెచ్చిన డబ్బా అది. ఆయన ఇప్పుడు లేరు. అందుకే పాత సామాన్ల వాడికి వేసెయ్యమంటే చేతులు రాలేదు. తుడిచి, కొత్త టీవీకి తగిలించి చూశాం. అడాప్టరు గుయ్యిమంది. టీవీలో చుక్కలు తప్ప ఏమీ లేదు. రిపేరు కొట్టుకు తీసుకెళ్తే ఆయన మూత విప్పి, లోపల నల్ల బొట్టు పెట్టినట్టున్న చిప్పును చూపించి, "దీంట్లో మార్చేదానికి ఏమీ లేదు సార్. ఇంగ ఆశ వదులుకోండి" అనేశాడు.

బెంగుళూరులో ఇంజినీరింగు చదివే మా మేనల్లుడు పండక్కి వచ్చి ఇదంతా చూసి నవ్వాడు. "డబ్బా ఎందుకు మామా, ల్యాప్‌టాప్ చాలదా?" అంటూ పది నిమిషాల్లో కాంట్రా తెరిచి నా ముందు పెట్టాడు. అదే అడవి, అదే సంగీతం, అదే గెంతు. కానీ మూడో స్టేజీ జలపాతం దాటలేకపోయాను. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని దాటినదే!

"ఏమిరా ఇది, ఇంత బిరబిరా పోతా ఉండాది? మన కాంట్రా ఇట్ల ఉండలేదే."

"కాంట్రా అదే మామా. నీకే వయసయింది. వేళ్ళు ఆడడంలే."

నిజమే కాబోలు అనుకున్నాను. మర్నాడు చెన్నైలో ఉండే మా అన్నయ్య కూడా తన కంప్యూటర్లో ఆడి చూసి, ఫోనులో అదే మాట అన్నాడు. స్పీడుగా ఉందని! ఇద్దరికీ ఒకేసారి వేళ్ళు పడిపోవు కదా. అక్కణ్ణుంచి మొదలైంది ఈ ఆరా.

లోపలున్నది ఎవరి భాష?

కంప్యూటర్లో ఈ ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు. పేరు గంభీరంగా ఉన్నా పని మాత్రం మన హోసూరు వాళ్ళకు బాగా తెలిసిందే. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బస్సెక్కి అత్తిబెలె దాటితే కన్నడం. ఒకరి మాట ఇంకొకరికి చెప్పే దుబాసీ పని మనకు పుట్టుకతోనే అబ్బుతుంది. ఎమ్యులేటర్ కూడా దుబాసీయే.

మన ఇళ్ళలోని డబ్బాలకు మూలం జపాన్ కంపెనీ నింటెండో 1983 జులైలో విడుదల చేసిన ఫ్యామికామ్. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో మన దగ్గర అమ్ముడైనవన్నీ దాని పోలికలే. అందులో ప్రాసెసరు వేగం 1.79 మెగాహెర్ట్జ్. పని చేసుకోవడానికి దానికున్న మెమరీ రెండే రెండు కిలోబైట్లు. బొమ్మలు గీయడానికి ఇంకో చిప్పు వేరే. క్యాసెట్టులో రాసి ఉన్న ఆదేశాలు ఆ ప్రాసెసరుకు తప్ప వేరొకరికి అర్థం కావు. వాటిని ల్యాప్‌టాప్ ముందు పెడితే, తెలుగు రానివాడి ముందు తెలుగు ఉత్తరం పెట్టినట్టే.

దుబాసీ ఒక్కో ఆదేశం చదువుతాడు. దాని అర్థం ల్యాప్‌టాప్‌కు చెప్తాడు. ల్యాప్‌టాప్ ఆ పని చేస్తుంది. అంతటితో అయిపోదు. బొమ్మల చిప్పు, సంగీతం పలికించే ఐదు చానళ్ళు, మనం నొక్కే బటన్లు... అన్నింటి వేషాలూ దుబాసీయే కట్టాలి. పైగా ఎవరెవరు ఏ క్షణంలో ఏం చేయాలో తాళం తప్పకూడదు. తప్పిందా, మారియో నేలలో దిగబడతాడు.

ప్లేస్టేషన్ లాంటి పెద్ద యంత్రాలకు ఒక్కో మాటా చెప్పుకుంటూ కూర్చుంటే ఆట నత్తనడక నడుస్తుంది. అందుకని ఆ దుబాసీలు ఓ చిట్కా పట్టారు. ఒక పేరా మొత్తం ఒకసారే తర్జుమా చేసి రాసిపెట్టుకుంటారు. మళ్ళీ అదే పేరా వస్తే రాసిపెట్టింది తీసి ఇచ్చేస్తారు.

ఇక అచ్చు గుద్దినట్టు ఉండాలంటే ఎంత శక్తి కావాలో చూడండి. సూపర్ నింటెండో ప్రాసెసరు గరిష్ఠ వేగం 3.58 మెగాహెర్ట్జ్. దాన్ని తు.చ. తప్పకుండా అనుకరించడానికి 3 గిగాహెర్ట్జ్ వేగమున్న కంప్యూటరు కావలసి వస్తోందని బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్ రాసిన ప్రోగ్రామర్ 2011లో వివరించాడు. అంటే దుబాసీకి అసలు మనిషి కంటే ఎనిమిది వందల రెట్లు చురుకుదనం ఉండాలన్నమాట!

50, 60 మధ్య మాయ

మళ్ళీ మన కాంట్రా దగ్గరికొద్దాం. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 బొమ్మలు చూపించేవి. మన దేశంలో టీవీలది 'పాల్' పద్ధతి (తాగే పాలు కాదు). అందులో సెకనుకు 50 మాత్రమే. ఆ రోజుల్లో ఆటలు రాసినవాళ్ళు ఒక్కో బొమ్మకూ ఒక్కో అడుగు అన్న లెక్కన రాశారు. బొమ్మ మారితే సైనికుడు ఒక అడుగు కదులుతాడు, తూటా ఒక అడుగు కదులుతుంది. సెకనుకు 60 బొమ్మలుంటే 60 అడుగులు, 50 ఉంటే 50.

మనలాంటి 'పాల్' దేశాలకోసం తయారైన నకిలీ డబ్బాల్లో చిప్పులు చేసినవాళ్ళు తెలివిగా ఒక ఏర్పాటు చేశారు. 60 బొమ్మల లెక్కన రాసిన జపాన్ ఆటలు చెడిపోకుండా నడవాలి, మన టీవీలో బొమ్మ కూడా పడాలి. అందుకని బొమ్మకూ బొమ్మకూ మధ్య కాస్త అదనపు విరామం పెట్టారు. దాంతో ఆట సరిగ్గానే నడిచింది, కాకపోతే ఆరింట ఒక వంతు నెమ్మదిగా. పాటలోని స్వరం ఇంచుమించు మారలేదు, నడక మాత్రం మందగించింది. అదే అసలు కాంట్రా అనుకుని మనం పెరిగాం!

రష్యాలో ఇదే జాతి డబ్బా 'డెండీ' అనే పేరుతో 1992 చివర్లో వచ్చి ఇంటింటి మాటైంది. అందుకే మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్ లాంటి ఎమ్యులేటర్లలో ప్రాంతం ఎంచుకునే చోట అమెరికా పద్ధతి, ఐరోపా పద్ధతి అని రెండుంటే, వాటి పక్కనే 'డెండీ' అని మూడోది కూడా ఉంటుంది. మా మేనల్లుడు అది నొక్కాడు. జలపాతం దాటేశాను. ఐదో స్టేజీ మంచు దాకా వెళ్ళాను. "వయసు ఎవరికయిందిరా?" అంటే తల వంచుకున్నాడు, పాపం.

బాతుల వేట తుపాకీ సంగతీ ఇలాంటిదే. ట్రిగ్గరు నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లగడి మెరిసేది. తుపాకీ కొసన ఉన్న కన్ను ఆ వెలుగును పట్టేది. వెలుగు కనబడితే తగిలినట్టు, లేకపోతే లేనట్టు. పాత గాజు టీవీలో బొమ్మ వెంటనే పడేది కాబట్టి లెక్క కుదిరింది. ఇప్పటి పలక టీవీలో బొమ్మ రావడం రెప్పపాటు ఆలస్యం. ఆ రెప్పపాటులోనే బాతు ఎగిరిపోతుంది! ఎమ్యులేటర్లో తుపాకీ బదులు మౌస్‌తో గురిపెట్టి నొక్కితే సరి.

కోర్టు మెట్లెక్కిన దుబాసీలు

ఇది అభిమానుల సరదాగా మొదలైనా త్వరలోనే పెద్ద కంపెనీలకు కంట్లో నలుసయింది. 1997లో ఫ్యామికామ్ ఆటలకు నెస్టికల్, నాణెం వేసి ఆడే బజారు యంత్రాలకు మేమ్ వచ్చాయి. మేమ్ మొదలుపెట్టింది నికోలా సాల్మోరియా అనే ఇటలీ ప్రోగ్రామర్. అవి పాత యంత్రాలు కాబట్టి గొడవ అంతగా ముదరలేదు.

1999లో మాత్రం అంటుకుంది. సోనీ ప్లేస్టేషన్ అంగట్లో వేడివేడిగా అమ్ముడవుతున్న రోజుల్లోనే దాని ఆటలను కంప్యూటర్లో ఆడించే సాఫ్ట్‌వేర్లు రెండొచ్చాయి. కనెక్టిక్స్ కంపెనీ చేసినదాన్ని ఆ జనవరిలో స్టీవ్ జాబ్స్ స్వయంగా ఆపిల్ వేదిక మీద చూపించాడు. రెండోది బ్లీమ్. సోనీ ఇద్దరి మీదా దావా వేసింది. అమెరికా అప్పీలు కోర్టు 2000 ఫిబ్రవరిలో కనెక్టిక్స్ పక్షాన, మే నెలలో ప్రకటనల్లో ఆటల బొమ్మలు వాడుకున్న విషయంలో బ్లీమ్ పక్షాన తీర్పు చెప్పింది. యంత్రం ఎలా పనిచేస్తుందో విప్పి తెలుసుకుని, సొంతంగా కోడ్ రాసుకుంటే తప్పు కాదని తేలింది.

గెలిచారు. కానీ ఏం లాభం? కోర్టు ఖర్చులతో నలిగిపోయిన బ్లీమ్ 2001 నవంబరులో మూతపడింది. కనెక్టిక్స్ సాఫ్ట్‌వేర్‌ను అదే ఏడాది సోనీయే కొనేసి అమ్మకం ఆపేసింది. తమాషా ఏంటంటే, 2018లో సోనీ తన పాత ఆటలు నింపి ప్లేస్టేషన్ క్లాసిక్ అనే బుల్లి డబ్బా అమ్మినప్పుడు, దాని లోపల నడిచింది అభిమానులు రాసిన ఎమ్యులేటరే!

అలాగని అన్ని కేసులూ ఒకలా ముగియలేదు. నింటెండో స్విచ్ ఆటలను ఆడించే యూజూ అనే ఎమ్యులేటర్ మీద 2024లో దావా పడింది. ఆటలకు వేసిన తాళాలను తప్పించుకునే దారి చూపుతోందన్నది ఆరోపణ. తయారు చేసినవాళ్ళు 24 లక్షల డాలర్లకు రాజీ ఒప్పుకుని దుకాణం కట్టేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆపిల్ మాత్రం తన ఐఫోన్ స్టోరులోకి పాత ఆటల ఎమ్యులేటర్లను రానిచ్చింది.

మన క్యాసెట్టు సంగతేంటి?

ఎమ్యులేటర్ తప్పు కాదు సరే, మరి ఆట? తిరకాసంతా ఇక్కడే ఉంది. ఆట మీద హక్కు దాన్ని తయారు చేసిన కంపెనీదే. నెట్‌లో వేలకు వేలు దొరుకుతున్నంత మాత్రాన ఉచితమైపోదు. "ఈ కాంట్రా ఎక్కడిదిరా?" అని మా వాణ్ణి అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు.

మన కాపీరైట్ చట్టం (1957) 52వ సెక్షన్‌లో కంప్యూటర్ ప్రోగ్రాములకు కొన్ని మినహాయింపులున్నాయి. చట్టబద్ధంగా కొన్న ప్రతి నుంచి, పాడైపోతే ఉంటుందని బ్యాకప్ తీసుకోవచ్చు. వ్యాపారానికి కాకుండా సొంతానికి కాపీ చేసుకోవచ్చు. అయితే 'చట్టబద్ధంగా' అన్న మాట దగ్గర గుటక పడుతుంది. ఎందుకంటే మన ఇళ్ళలోని పసుపు క్యాసెట్లలో చాలావాటికి ఆ గౌరవం లేదు! '9999999 ఆటలు' అని బొమ్మ అంటించి, లోపల నాలుగైదు ఆటలనే తిప్పితిప్పి పేర్లు మార్చి పెట్టిన సరుకది. నాన్న డబ్బిచ్చి కొన్నారు, రసీదు లేదు, అసలు కంపెనీకి పైసా చేరలేదు. కొన్నవాడి తప్పు లేదు, అయినా అది దొంగ సరుకే.

మరోవైపు ఇంకో నిజం కూడా ఉంది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు ఎక్కడా కొనడానికి దొరకవని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. డబ్బు పట్టుకుని వెళ్ళినా ఇచ్చేవాడు లేడు. చిప్పులేమో ఏటికేడాది చచ్చిపోతున్నాయి. ఆటను దాచుకునే సౌకర్యమున్న క్యాసెట్లలో గడియారం సెల్లులాంటి బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయిన రోజు అందులో దాచుకున్న ఆట కూడా చెరిగిపోతుంది. ఈ స్థితిలో ఎవరో ఒకరు కాపీ తీసి పెట్టబట్టే చాలా ఆటలు బతికున్నాయి. అవి మాసిపోతే కంపెనీకి వచ్చే లాభమేంటో నాకైతే అర్థం కాదు. కాకపోతే దొరికేవాటిని కొనుక్కోవడమే మర్యాద. కాంట్రానే తీసుకోండి. కొనామీ కంపెనీ 2019లో పాత కాంట్రాలు కొన్నింటిని కలిపి కంప్యూటర్‌కు కూడా ఒక సంపుటిగా విడుదల చేసింది. మా వాడి చేత అది కొనిపించాను. డబ్బులు నావేలెండి.

మొదలుపెట్టాలంటే...

ఫ్యామికామ్ ఆటలకు పాత ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. మెసెన్ చాలు. మొదటి ప్లేస్టేషన్‌కు డక్‌స్టేషన్, రెండోదానికి పీసీఎస్ఎక్స్2, చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీకి పీపీఎస్ఎస్‌పీపీ. ఏదైనా దాన్ని తయారు చేసినవాళ్ళ సొంత సైటు నుంచే దించుకోవాలి. ప్లేస్టేషన్ వాటికి 'బయోస్' అనే ఇంకో ఫైలు కావాలి. అది సోనీ సొత్తు, మన దగ్గరున్న యంత్రంలోంచి తీసుకోవలసినది. పీపీఎస్ఎస్‌పీపీకి ఆ బెడద లేదు.

పిల్లలున్న ఇళ్ళలో ఒక జాగ్రత్త. మొదటి సూపర్ మారియో ఆట మొత్తం కలిపి 40 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటో కంటే చాలా చాలా చిన్నది. మారియో పేరు చెప్పి ఏ సైటైనా ఇన్‌స్టాల్ చేసుకోమని పెద్ద ప్రోగ్రాము చేతిలో పెడితే అది ఆట కాదు, వైరస్ కావచ్చు. వెంటనే మూసెయ్యండి.

హక్కుల గొడవ లేకుండా ఆడాలనుకుంటే పాత యంత్రానికి ఈ మధ్య కొత్తగా రాసిన ఆటలూ ఉన్నాయి. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ కొనుక్కోవచ్చు. అది కూడా ఆ 40 కిలోబైట్లలోనే ఇమిడింది! నోవా ది స్క్విరల్ అయితే కోడ్‌తో సహా ఉచితం.

మూడో క్యాసెట్టు

ఇక మా మూడు క్యాసెట్లు. మా వాడి కాలేజీ స్నేహితుడి దగ్గర క్యాసెట్టులోని సరుకును చదివి కంప్యూటర్‌లోకి పంపే చిన్న బోర్డు ఉంది. మన క్యాసెట్లకు ఉండే 60 పిన్నుల గాడి దానికుంది. ముందు పిన్నులు శుభ్రం చేయాలి. చిన్నప్పుడు క్యాసెట్టు పనిచేయకపోతే నోటితో ఉఫ్ఫుమని ఊదేవాళ్ళం, గుర్తుందా? దానివల్ల ఒరిగిందేమీ లేదట. తీసి మళ్ళీ గట్టిగా పెట్టడం వల్లే పనిచేసేది. నోటి తడికి పిన్నులు తుప్పు పట్టడం అదనం. మా క్యాసెట్ల మీద ఆకుపచ్చగా పేరుకున్నదంతా మా అన్నదమ్ముల ఊదుడు ఫలితమేనేమో. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే వదిలింది.

మొదటి రెండూ చక్కగా చదివింది. ఒకటి కాంట్రా. ఇంకొకటి మారియో. అందులో ఎవరో చేయిపెట్టి మొదటి నుంచే నిప్పుల మారియోను చేసేశారు. ఇన్నాళ్ళూ అది మా అన్నయ్య గొప్పతనం అనుకున్నాను! ఇద్దరం రెట్రోఆర్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో నెట్ ద్వారా ఒకే కాంట్రాను హోసూరు నుంచి నేను, చెన్నై నుంచి తను ఆడాం. రెండు వైపులా ఒకే ఫైలు, ఒకే ఎమ్యులేటరు ఉంటే చాలు. అలవాటు ప్రకారం నా ప్రాణాలు కూడా తనే వాడుకున్నాడు.

మూడోది నాన్న డబ్బాతో పాటు తెచ్చిన '9999999 ఆటల' క్యాసెట్టు. ఇలాంటి కలగూర క్యాసెట్లలో ఒక ఆట నుంచి ఇంకో ఆటకు మార్చే వైరింగు ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసుకున్నారు. ఆ అమరిక తెలిస్తేగానీ లోపలున్నది పూర్తిగా బయటికి రాదు, ఎమ్యులేటర్‌కూ అర్థం కాదు. చిప్పు మీద నంబరు చూద్దామంటే ఉన్నది నల్ల బొట్టే. నాలుగుసార్లు చదివిస్తే మెనూ వచ్చింది. నీలం తెర మీద పేర్ల పట్టీ, కింద ఎగిరే పక్షులు, ఆ సంగీతం... మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, తలుపు దగ్గర నిలబడి విని, "ఇది మీ నాయన తెచ్చిన దాంది కదా" అంది. ఏ పేరు నొక్కినా ఆట మాత్రం తెరుచుకోవడం లేదు.

ఇలాంటి నకిలీ క్యాసెట్ల అమరికలను ఒక్కొక్కటే విప్పి రాసిపెట్టే ఔత్సాహికులు రష్యా, తైవాన్, చైనాల్లో ఉన్నారు. మా వాడు బోర్డు ఫొటోలు రెండు వైపులా తీసి వాళ్ళకు పంపించాడు. ఇంకా జవాబు రాలేదు. అంతవరకు క్యాసెట్టును అటక ఎక్కించకుండా బీరువాలో పెట్టాం.